గోరువెచ్చన

మా అక్కని అందరూ మెత్తని మనిషి అంటారు. అలా అన్నవాళ్ళలో ఆమె నెత్తికెక్కి కూర్చోనివాళ్ళు ఒక్కరైనా ఉన్నారేమోనని చాలాకాలంగా వెతుకుతున్నాను. ఇంతవరకూ నా కంట పడలేదు.

మెత్తన అనే మాట ఒక్కటే అయినా దానికి వేషాలు చాలా ఉన్నాయి. ఎవరికి ఎంత పని పడితే అంత మంచి వేషం వేస్తారు. మా బావ పక్కింటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ‘మా ఆవిడ నెమ్మదస్తురాలు’ అంటాడు. అక్క ఆడపడుచు తన పిల్లల్ని సెలవులకి దింపి వెళ్ళేటప్పుడు ‘మా వదిన ఉత్త సాత్వికురాలు’ అంటుంది. ఫ్యాక్టరీలో మేనేజరు చదువుకున్నవాడు కాబట్టి ‘సౌమ్యురాలు’ అంటాడు. అక్క అటు తిరగ్గానే వీళ్ళందరికీ కలిపి ఒకటే మాట, ‘మెతక’. ఎదురుగా మెత్తన, వెనకాల మెతక. ఈ రెండు మాటల మధ్య దూరం ఎంతంటే, అక్క వీపు ఎంత వెడల్పు ఉందో అంతే.

నన్ను సూరేకారం అంటారు. అది మాత్రం ఎదురుగానే అంటారు, సంతోషం.

మేమిద్దరం ఒకే సబ్బుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాం. నేను ప్యాకింగులో. బెల్టు మీద సబ్బులు వస్తూ ఉంటే రేపరు చుట్టి, చివర్లు మడిచి, గమ్ము అంటించి అట్టపెట్టెలో సర్దడం నా పని. గ్లవ్సు ఇస్తారు గానీ అవి వేసుకుంటే మడత కుదరదు. మడత కుదరకపోతే సూపర్‌వైజరు మమ్మల్ని కుదురుగా ఉండనివ్వడు. అందుకని వాటిని నడుముకి దోపుకుని, తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే తొడుక్కుంటాం.

అక్క పని వేరు. ఆమె పై అంతస్తులో, ల్యాబు పక్కన ఒక చిన్న గదిలో, కుర్చీలో కూర్చుని చేతులు కడుక్కుంటుంది. నవ్వకండి, అదే ఉద్యోగం. బ్యాచికొక సబ్బు ఆమె దగ్గరికి తెస్తారు. ముందు మూడు తెల్లటి బేసిన్లు, వాటిలో గోరువెచ్చటి నీళ్ళు. మోచేతుల దాకా నురగ పట్టించి, కాసేపు ఆగి, కడిగి, గాలికి ఆరబెట్టుకుని, మళ్ళీ మొదలు. ఆ తర్వాత ల్యాబ్ మేడమ్ అట్ట పట్టుకుని వచ్చి అడుగుతుంది.

“చాలా మృదువా, మృదువా, ఓ మోస్తరా, కాస్త గాఢమా, ఘాటా?”

అక్క అందులోంచి ఒక మాట చెప్పాలి. ఆ మాటని బట్టి సబ్బు కిందికి, మా బెల్టు మీదికి వస్తుంది. లేదంటే వెనక్కి పోతుంది. ల్యాబులో మిషన్లు లేక కాదు. సబ్బులో ఏముందో మిషను చెబుతుందిట, ఒంటికి ఎలా ఉందో మనిషే చెప్పాలిట. మేనేజరుగారి సిద్ధాంతం అది. వినడానికి ఎంతో బాగుంటుంది.

ఆ మనిషిని ఎంచుకున్న తీరు ఇంకా బాగుంటుంది. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, ముంజేతి మీద గరుకు గుడ్డతో రుద్దారు. ఎవరి చర్మం ముందు కందితే వాళ్ళకి సున్నితమైన చెయ్యి అన్నమాట. మా అక్క చెయ్యి గుడ్డ తగిలీ తగలకముందే ఎర్రబడింది. నాదీ కందింది. తోడబుట్టినవాళ్ళం కదా, ఒకటే తోలు. మేనేజరు నా చెయ్యి చూసి, తర్వాత నా మొహం చూసి, “చెయ్యి బాగానే ఉందమ్మా, నోరే కొంచెం...” అని ముందుకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆ పెద్దమనిషికి తెలియలేదు, ఇప్పటికీ తెలియదు, తనెంత తెలివితక్కువ పని చేశాడో. తొందరగా కందిపోయే ఒళ్ళు కావాలన్నాడు, సరే. దానితోపాటు తొందరగా నోరు విప్పని మనిషి కావాలనుకున్నాడు. బాధ అందరికంటే ముందు తగిలే మనిషి, దాన్ని అందరికంటే ఆఖరున చెప్పే మనిషి. ఏరి కోరి ఆ రెండూ ఉన్నదాన్ని పట్టుకుని, ఊళ్ళో పసిపిల్లల సబ్బులన్నిటికీ ఆమెనే కాపలా పెట్టాడు.

మా ఇంట్లో అక్క మాటలకి ఒక లెక్క ఉంది. ‘కొంచెం’ అంటే చాలా అని అర్థం. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి, “చెయ్యి కొంచెం బెణికిందే” అని నవ్వుతూ వచ్చింది. చూస్తే మణికట్టు వంకరగా వేలాడుతోంది. కూతురు పుట్టేముందు, “నడుం ఓ మాదిరిగా పట్టేసినట్టుంది” అంటూ గిన్నెలు తోముతూ కూర్చుంది. ఆటో ఎక్కించేసరికి తలకాయ బయటికి వస్తోంది. పెళ్ళయిన కొత్తల్లో బావ ఎలాంటివాడే అని అడిగితే, “కాస్త కోపం, అంతే” అంది. ఆ ‘కాస్త’ ఎంతో తెలుసుకోవడానికి నేను వాళ్ళింట్లో వారం రోజులుంటే సరిపోయింది. అప్పట్నించీ బావకి నేనంటే కాస్త భయం. ఇది మాత్రం నా లెక్కలో కాస్త.

ఈ లెక్క ల్యాబ్ మేడమ్‌కి కూడా చెప్పాను. “మా అక్క చురుక్కుమంది అంటే మీరు మంట అని రాసుకోండి మేడమ్. మంట అందంటే ఫ్యాక్టరీ మూసేయండి” అన్నాను. ఆ పిల్ల చెడ్డది కాదు. నవ్వి, “కంపెనీ లెక్కలో మీ ఇంటి లెక్కలు ఎలా కలుపుతామండీ?” అంది. అక్క “మెత్తగానే ఉందండీ” అంటే మృదువు అని రాసుకునేది. “కొంచెం చురుక్కుమందండీ” అంటే ఓ మోస్తరు అని రాసుకునేది. ఓ మోస్తరు దాకా పాసే. మా అక్క ఆ కుర్చీలో కూర్చున్నాక ఫ్యాక్టరీలో ఒక్క సబ్బు కూడా వెనక్కి పోలేదు. మేనేజరు దీన్ని సరుకు గొప్పతనం అనుకున్నాడు.

అలాగని ఆ గదిలో అక్కకి గౌరవం లేదనను. ఫ్యాక్టరీ చూడ్డానికి ఎవరు వచ్చినా ముందు ఆమె దగ్గరికే తీసుకొచ్చేవారు. “వెన్నమ్మగారండీ. మా కంపెనీకి కళ్ళూ ముక్కూ చెవులూ అన్నీ ఈవిడ చేతులే” అని మేనేజరు చెప్పేవాడు. వెన్నమ్మ ఆయన పెట్టిన పేరే. పిల్లల సబ్బు రేపరు మీద దోసిట్లో నురగ పట్టుకున్న రెండు చేతులుంటాయి చూడండి, అవి మా అక్కవే. కొత్తల్లో తీసిన ఫోటో. ఆ చేతుల్ని నేను రోజంతా మడుస్తూ ఉంటాను.

ఫోటోలో చేతులకీ అక్క చేతులకీ పోలిక పోయి చాలాకాలమైంది. నూనె రాయకూడదు, క్రీము రాయకూడదు, రాస్తే పరీక్ష చెడిపోతుంది. ముందు వేళ్ళ సందుల్లో పొట్టు లేచింది. తర్వాత కణుపుల దగ్గర పగిలింది. అడిగినప్పుడల్లా “కొంచెం మండుతోందే, తగ్గిపోతుంది” అనేది. పదితో హెచ్చవేసుకుని, ఉద్యోగం మానెయ్యమని నేను గొడవ చేసేదాన్ని. “నీకు అన్నిటికీ కోపమేనే” అని నవ్వేది. ఈమధ్య ఆ మాట కూడా అనడం మానేసింది. ఎలా ఉందే అంటే “ఇప్పుడేం లేదు, తగ్గిపోయింది” అనేది. పోనీలే, బతికింది అనుకున్నాను.

కొత్త పిల్లల సబ్బు ఒకటి తయారవుతోంది అప్పుడు. ఏదో నూనె మార్చారు, ఇంకేదో కలిపారు. ముందుగా చూసుకోవడానికని కొద్దిగా సరుకు మా బెల్టు మీదికి వదిలారు. మధ్యాహ్నం భోజనాల వేళకి మా వరసలో అందరి వేళ్ళూ ఎర్రగా అయ్యాయి. ఒకావిడ కళ్ళు నులుముకుని సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉంది. సూపర్‌వైజరుకి చెప్తే, “పైన వెన్నమ్మగారు పరీక్ష చేస్తారు, శుక్రవారం. మీకెందుకు తొందర?” అన్నాడు.

ఆ ఆదివారమే జరిగింది అసలు సంగతి.

అక్క కూతురు, అల్లుడు మేడ మీద వాటాలోనే ఉంటారు. వాళ్ళకి మూడో నెల పాప. పొద్దున్నే పాపకి నీళ్ళు పొయ్యడం అక్క పని. పని అంటున్నాను గానీ, అది ఆమె పండగ. చిన్నప్పట్నించీ అక్కకి దేన్నైనా తాకి చూసే అలవాటు. బట్టల కొట్లో గుడ్డని వేళ్ళ మధ్య నలిపి, ఉతికితే ఇది ముడుచుకుపోతుందో లేదో చెప్పేసేది. అలాంటిది పాప పుట్టిన రోజున, దాని అరికాలు చేతిలోకి తీసుకుని, “ఇంత మెత్తగా ఉంటుందిటే ఎక్కడైనా!” అని ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు అడిగింది. మా అక్క గొంతు పెంచగా నేను విన్నది అదే మొదటిసారి.

ఆ పూట నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి పెరట్లో టబ్బు పెట్టి ఉంది. అక్క కాగిన నీళ్ళు పోసి, చన్నీళ్ళు కలిపి, చెయ్యి మణికట్టు దాకా ముంచి అటూ ఇటూ తిప్పింది.

“గోరువెచ్చగానే ఉన్నాయి, తీసుకురా” అని కూతుర్ని కేకేసింది.

పిల్ల పాపని బట్టలిప్పి ఎత్తుకొస్తోంది. టబ్బులో మునిగిన చెంబు తీద్దామని నేను చెయ్యి పెట్టి, చచ్చాన్రా దేవుడా అని వెనక్కి లాక్కున్నాను. నీళ్ళు మరుగుతున్నట్టే ఉన్నాయి. పాప అప్పటికే టబ్బు దాకా వచ్చేసింది. అక్క కూతుర్ని ఒక్క తోపు తోశాను. అది గోడకి తగిలి, “పిన్నీ, నీకేమైనా పిచ్చా!” అంది.

అక్క చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. మణికట్టు దాకా కందగడ్డలా ఎర్రబడింది. మొహంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే ఉంది.

నేను ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. అప్పుడు చూసుకుంది. నీళ్ళ వంక చూసింది, పాప వంక చూసింది. అక్కడే తడి నేల మీద కూలబడింది.

తర్వాత వెనక మెట్ల మీద కూర్చుని, కాలిన చేతికి నేను మందు రాస్తుంటే చెప్పింది.

“ముందు బాగా మండేదే. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.”

“నాకు కొంచెం అని చెప్పావు.”

“తర్వాత తర్వాత తగ్గుతూ వచ్చింది. హమ్మయ్య, అలవాటు పడ్డాయి అనుకున్నాను. ఒకరోజు కత్తిపీట తెగి రక్తం కారుతోంది, నాకు తెలీలేదు. చీర మీద మరక చూసి తెలుసుకున్నాను. వేడీ తెలీట్లేదు, చల్లనా తెలీట్లేదు. పాపని ఎత్తుకుంటే బరువు తెలుస్తుందే, అంతే.”

“మరి ఇన్నాళ్ళూ ఆ గదిలో ఏం చెప్తున్నావే?”

“మెత్తగానే ఉందండీ అంటున్నాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. కాలిన చెయ్యి అని కూడా చూడకుండా విదిలించాను. అరిచాను. ఆ సబ్బు రేపు పిల్లల ఒళ్ళు తోమడానికి పోతుంది, మన పాప ఒక్కతే పాపా, నీ నోట్లో నాలుక లేదా, ఉంటే దానికి కూడా స్పర్శ పోయిందా అని నానా మాటలూ అన్నాను. అక్క అంతా విని, ఎప్పటిలాగే తలొంచుకుని చెప్పింది.

“చెప్తే ఆ కుర్చీలోంచి లేపేస్తారే.”

“లేపెయ్యనీ! ఏముంది ఆ కుర్చీలో?”

“నీకు తెలీదే. ఈ జన్మలో ఎవరైనా నన్ను కూర్చోబెట్టి, ‘నీకెలా ఉందమ్మా’ అని అడిగింది అక్కడొక్కచోటే. నేను చెప్పిన మాట రాసుకునేది అక్కడొక్కచోటే.”

ఏడుపొచ్చింది. మా అమ్మ అడగలేదు. నెమ్మదైన పిల్ల, దానికేం అంది. బావ అడగలేదు. నేను అరిచాను తప్ప అడగలేదు. సబ్బుల కంపెనీవాడు అడిగాడు, వాడి సబ్బు కోసం.

అయినా వదల్లేదు. శుక్రవారం కంపెనీ సరుకు కొనేవాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ముందే పరీక్ష. అక్కడ నిజం చెప్పాలని ఒట్టు వేయించుకున్నాను. రోజూ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ ప్రాక్టీసు చేయించాను.

“చెప్పు. ఏమంటావు?”

“నా చేతులకి కొంచెం ఏమీ తెలియడం లేదండీ.”

“కొంచెం ఏంటే! కొంచెం తీసెయ్.”

“నా చేతులకి... ఏమీ తెలియడం లేదండీ, ఏమనుకోకండి.”

“అనుకోనియ్యవే! అనుకోవాలనే కదా చెప్పేది!”

ఇద్దరం నడిరోడ్డు మీద పడీపడీ నవ్వాం. దారినపోయేవాళ్ళు మాకేదో తిక్క అనుకుని ఉంటారు.

శుక్రవారం నమూనా సబ్బుల ట్రే పట్టుకుని నేనే పైకి వెళ్ళాను, కావాలని. గదిలో కొనేవాళ్ళు ముగ్గురు, మేనేజరు, ల్యాబ్ మేడమ్. తలుపు దగ్గర సూపర్‌వైజరు, నాకు తోడొచ్చిన ప్యాకింగు ఆడవాళ్ళు. మా మేనేజరు కూడా నెమ్మదైన మనిషే. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆయన నెమ్మది వేరు. నోరు పెంచాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. నోరు పెంచే వీలు మా అక్కకి ఎప్పుడూ రాలేదు. రెండిటినీ లోకం ఒకటే మాటతో పిలుస్తుంది.

అక్క చేతులకి నురగ పట్టించుకుంది. కాలిన చోట కొత్త తోలు గులాబి రంగులో ఉంది, ఎవరూ గమనించలేదు. కడిగింది, ఆరబెట్టుకుంది, మళ్ళీ పట్టించుకుంది. మేనేజరు ముందుకి వంగి, ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

“ఎలా ఉందమ్మా?”

అక్క నా వంక చూసింది. తర్వాత ఆయన వంక చూసింది.

“నాకు తెలియడం లేదు సార్. నా చేతులకి స్పర్శ పోయింది. చాలా రోజులైంది. వేడినీళ్ళు పోసినా తెలియడం లేదు. ఇది మంచి సబ్బో చెడ్డ సబ్బో నేను చెప్పలేను. నన్ను అడక్కండి. కింద మా వాళ్ళందరికీ వేళ్ళు మండుతున్నాయి, వాళ్ళని అడగండి.”

ఒక్క ‘కొంచెం’ లేదు. ఒక్క ‘ఏమనుకోకండి’ లేదు. నా గుండె పొంగింది. కాకపోతే, ఆమె గొంతు ఆమె గొంతే కదా. పక్కవాళ్ళని మంచినీళ్ళు అడిగినట్టు చెప్పింది.

మేనేజరు విన్నాడు. వినపడలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆయన కళ్ళు ఒక్కసారి ఆమె చేతుల మీదికి వెళ్ళి, కాలిన చోట ఆగి, తిరిగి వచ్చాయి. అప్పుడు కొనేవాళ్ళ వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు.

“చూశారా, ఇదీ మా వెన్నమ్మ. ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా నాకేం తెలుసండీ అంటుంది. అంత వినయం. ఒంట్లో కాస్త నలతగా ఉన్నట్టుంది, పాపం.”

వాళ్ళు ముగ్గురూ “అయ్యో, పాపం” అన్నారు. అందులో ఒకడు రేపరు తీసి, దాని మీద ఫోటో చూసి, “ఇవేనా ఆ చేతులు?” అన్నాడు. అక్క చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది.

ఇక నేను ఆగలేదు. ట్రే కింద పెట్టి, బేసినులో మోచేతుల దాకా చేతులు పెట్టి, ఆ సబ్బుతోనే బరబరా రుద్దాను. పగిలిన వేళ్ళు కదా, ప్రాణం పోయినంత పనైంది.

“మండుతోంది సార్! నిప్పులా మండుతోంది! ఆవిడ చెప్పింది వినపడలేదా మీకు? చేతులు చచ్చిపోయాయి అంటుంటే వినయం అంటారేంటి! పిల్లల ఒంటికి రాస్తారా దీన్ని?”

మేనేజరుకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

“నెమ్మదిగా మాట్లాడమ్మా” అన్నాడు. కొనేవాళ్ళతో, “వెన్నమ్మగారి చెల్లెలు లెండి. మా ఫ్యాక్టరీలో సూరేకారం అంటారు. ఈవిడకి మంచినీళ్ళు ఇచ్చినా మంటే” అన్నాడు.

అందరూ నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ సూపర్‌వైజరు నవ్వాడు. నాకు తోడు వచ్చిన ప్యాకింగు ఆడవాళ్ళు, పొద్దున్న నాతోపాటు వేళ్ళు ఊదుకున్నవాళ్ళు, వాళ్ళూ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. మా అక్క కూడా, పెద్దవాళ్ళు నవ్వుతున్నారు కదా అని, అలవాటు కొద్దీ కాస్త నవ్వింది.

ల్యాబ్ మేడమ్ ఒక్కతే నవ్వలేదు. తల వంచుకుని, “ఏం రాయమంటారు సార్?” అని అడిగింది.

“ఆవిడ మంట అనలేదు కదా?”

“అనలేదు సార్.”

“మృదువు అని రాసుకోండి.”

నిజం మెత్తగా చెబితే వినయమైంది, గట్టిగా చెబితే నవ్వులాటైంది. మరి ఏ గొంతుతో చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పండి, నేర్చుకుంటాను.

సాయంత్రం మేనేజరు అక్కని పిలిచి, ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాడు. పిలిచినప్పుడు వద్దువుగానిలే అన్నాడు. కుర్చీ ఊరికే ఉండకూడదు కదా, సోమవారం ఆడవాళ్ళని మళ్ళీ వరసలో నిలబెడతామని సూపర్‌వైజరు కబురు చెప్పాడు. “కాస్త నెమ్మదైన మనిషిని చూడమన్నారు” అన్నాడు. అక్క వచ్చేస్తుంటే కొత్త సబ్బులు ఒక సంచీలో పెట్టి ఇచ్చారు, కంపెనీ కానుక. అక్క దాన్ని బల్ల కిందే వదిలేసి వచ్చింది. ఎవరో మంచివాళ్ళు మర్చిపోయిందనుకుని, ఇంటికి వెళ్ళే దారిలో మా బావ చేతికి ఇచ్చి పోయారట.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి పెరట్లో టబ్బు ముందు అక్క కూతురు కూర్చుని ఉంది. పాప దాని కాళ్ళ మీద పడుకుని కాళ్ళూ చేతులూ ఆడిస్తోంది. పక్కన చింపిన రేపరు, దాని మీద అక్క చేతులు. పిల్ల అరచేతిలో నురగ తీసి, పాప పొట్ట మీదికి చెయ్యి తీసుకెళ్తోంది.

“వద్దూ!”

ఆ అరుపు ఎవరిదో నాకు ముందు తెలియలేదు. నాదేమో అనుకున్నాను. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, కూతురి చెయ్యి మీద ఒక్కటి వేసింది. సబ్బు ఎగిరి తూము దగ్గర పడింది. మిగిలిన సబ్బులున్న సంచీ కూడా లాక్కుని గోడవతల పారేసింది. పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది.

బావ పేపరు చేత్తో పట్టుకుని వచ్చాడు.

“ఏమైందే నీకు? పచ్చి బాలెంతరాలిని కొడతావా? నెమ్మదిగా చెప్పలేవూ?”

“నెమ్మదిగానే చెప్పాను నిన్న” అంది అక్క. రొప్పుతోంది.

“ఇంత మెత్తని మనిషివి, ఇదేం రోగం?” అని నా వంక చూశాడు, రోగం ఎవరిదో తెలిసినట్టు.

అక్క కూతురు కళ్ళు తుడుచుకుంటూ, “అమ్మా, నువ్వు అచ్చం పిన్నిలా తయారవుతున్నావు” అంది. అంతకంటే పెద్ద తిట్టు ఆ పిల్లకి తెలియదు. కొళాయి కింద చేతులు కడుక్కుని, పాపని నా ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. బావ పేపరు విదిలించుకుని వెళ్ళాడు. ఇన్నేళ్ళు మెత్తగా ఉండి సంపాదించుకున్న పేరు ఒక్క కేకతో పోయింది. ఆ పేరు వల్ల ఒరిగిందేమీ లేదు గానీ, ఉన్న ఆస్తి అదొక్కటే.

నేను పాత నీళ్ళు పారబోసి, కొత్తగా కలిపాను. అక్క దగ్గరికొచ్చి కూర్చుంది.

“నువ్వు చూడవే. నాకు తెలీదు.”

మోచెయ్యి పెట్టి చూశాను. “గోరువెచ్చగా ఉన్నాయి” అన్నాను. నా మాట నమ్మింది. పాపని కాళ్ళ మీద వేసుకుని, సబ్బు లేకుండా, ఉత్త నీళ్ళు పోస్తూ చేత్తో నిమరడం మొదలుపెట్టింది. పాప ఏడుపు ఆపింది. అక్క చెయ్యి దాని పొట్ట మీంచి, తొడ మీంచి, అరికాలి దాకా వెళ్ళి అక్కడ ఆగింది. వేళ్ళతో ఆ చిన్న పాదాన్ని పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంది. ఏదో పారేసుకున్నది వెతుకుతున్నట్టు చాలాసేపు అలా చేసింది. తర్వాత తలెత్తకుండా అడిగింది.

“మెత్తగా ఉందా?”

నేను చెయ్యి చాచి పాప అరికాలు ముట్టుకున్నాను.

“చాలా మెత్తగా ఉందే అక్కా” అని చెప్పాను.

“ఊఁ” అని, ఆ చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో నీళ్ళు పోసింది.